జెకర్యా చేతిలో పలక



ఈ సంచిక మీ ఇంటికి చేరేసరికి పత్తి తీతలు మొదలై ఉంటాయి. ఇంక కొద్ది వారాల్లో ప్రతి సంఘంలోనూ ఒక ప్రశ్న లేస్తుంది: "ఈ క్రిస్మసుకు ఏం నాటకం వేద్దాం?" సాధారణంగా ఇది డిసెంబరు మొదటి ఆదివారం, ఆరాధన అయ్యాక, మందిరం గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ అడిగే ప్రశ్న. అప్పుడు వచ్చే జవాబులు రెండే. ఒకటి, "పోయినేడు వేసిందే వేద్దాం." రెండు, "ట్రాకు తెచ్చుకుందాం." అందుకని నేను ఆ ప్రశ్నను ఈ నెలే, మీరు ఇంకా తీరిగ్గా కూర్చుని ఉండగానే అడుగుతున్నాను.

ట్రాకు అంటే తెలియని పెద్దలకు ఒక మాట. నాటకంలోని మాటలన్నీ ఎవరో పట్నంలో ముందుగానే రికార్డు చేసి పెడతారు. పాటలూ ఉరుములూ గొర్రెల అరుపులూ అన్నీ అందులోనే ఉంటాయి. దాన్ని స్పీకర్లలో పెడితే, వేషాలు వేసుకున్న మన పిల్లలు వేదిక మీద నిలబడి పెదవులు కదుపుతారు. వినడానికి సినిమాలాగా ఉంటుంది. పిల్లలు మాటలు కంఠస్థం చేయనక్కర లేదు, మైకుల కోసం పోట్లాడనక్కర లేదు.

రెండేళ్ల కిందట గిద్దలూరు దగ్గర ఒక పల్లె సంఘంవారు క్రిస్మసు ముందు రాత్రి నన్ను పిలిచారు. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ పిల్లలు సిగ్గుపడతారు. వాళ్లకన్నా నేను ఎక్కువ సిగ్గుపడవలసి ఉంది. అది ఎందుకో కాస్త ఆగి చెబుతాను.

మందిరం ముందు రెండు ట్రాక్టరు ట్రక్కులు పక్కపక్కన నిలిపి, మీద పలకచెక్కలు పరిచి వేదిక కట్టారు. వెనక నీలం దుప్పటి. దాని మీద వెండి కాగితంతో కత్తిరించిన నక్షత్రం. మరియ వేషం తొమ్మిదో తరగతి చదివే పిల్లది. స్పీకర్లలోనుంచి ఎవరో చదువుకున్న అమ్మాయి గొంతు తియ్యగా వస్తోంది, ఈ పిల్ల నోరు కదుపుతోంది. మధ్యమధ్య గొంతు ముందు పోతోంది, నోరు వెనక పడుతోంది. గొర్రెల కాపరులు కూడా రేడియోలో వార్తలు చదివేవారిలాగ మాట్లాడారు. హేరోదు రాజు వచ్చి చెయ్యెత్తి రెండో మాట అంటున్నాడు, కరెంటు పోయింది.

కరెంటు పోవడం మనకు కొత్త కాదు గదా. ఎవరూ కదల్లేదు. నలభై యాభై సెల్‌ఫోన్ల లైట్లు లేచాయి, వేదిక బాగానే కనబడుతోంది. అయినా ఆట సాగలేదు. పిల్లలకు మాటలు రావు. ఒక్కరికీ ఒక్క మాట కూడా రాదు. హేరోదు ఎత్తిన చెయ్యి దించకుండా అలాగే నిలబడ్డాడు. ముందు వరసలో పట్ట మీద కూర్చున్న ఒక అవ్వ, "ఏంది పాపా, నీకు నోరు లేదా? నువ్వే చెప్పు" అంది మరియను చూసి. ఆమె మంచి మనసుతోనే అంది. పిల్ల మాత్రం ముసుగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

అప్పుడు కాపరుల్లో అందరికన్నా చిన్నవాడు, పదేళ్లుంటాయేమో, పక్కవాడి భుజం తట్టి, "ఒరేయ్, దొడ్లో ఎవురికో బిడ్డ పుట్నాడంట. పాండి చూసొద్దాం" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. అది ఎగతాళి నవ్వు కాదు, సొంత మనిషి దొరికినప్పుడు వచ్చే నవ్వు. దాంతో రెండోవాడికి ధైర్యం వచ్చి, "మరి గొర్రెల్ని యాడ ఇడిసిపెడదాం?" అని అడిగాడు. ఆ మాట ఏ ట్రాకులోనూ ఉండదు. గొర్రెల వెనక తిరిగిన ఇంటి పిల్లవాడికే అది తోస్తుంది. నేను ఇన్నేళ్లుగా ఎన్ని క్రిస్మసు నాటకాలు చూశానో లెక్క లేదు గాని, ఆ రాత్రి గొర్రెలు ఏమయ్యాయని అడిగిన కాపరిని అదే మొదటిసారి చూడడం.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. ఆ ట్రాకు తెచ్చుకోమని ఆ యవ్వనస్థులకు ఫోనులో సలహా ఇచ్చినవాణ్ణి నేనే. "పిల్లలు మాటలు మరిచిపోతారు, పదిమందిలో పరువు పోతుంది, ట్రాకు అయితే నిశ్చింత" అన్నాను. పరువు ఎలా దక్కిందో చూశారు. కాబట్టి ఈ నెల శీర్షికను సలహాగా కాదు, ఒక విధంగా ఆ పిల్లలకు నేను బాకీపడ్డ దానిగా చదవండి.

ఈ ఏడాది క్రిస్మసుకు నేను అడుగుతున్న నాటకం పశువుల పాకతో మొదలు కాదు. లూకా సువార్త తీయండి, మొదటి అధ్యాయం. మరియ కంటె ముందు అక్కడ ఒక ముసలి యాజకుడు ఉన్నాడు. జెకర్యా. ధూపం వెయ్యడానికి ఆలయంలోకి వెళ్లాడు, దూత చెప్పిన మాట నమ్మలేకపోయాడు, మూగవాడై బయటికి వచ్చాడు. బయట జనమంతా ఎదురు చూస్తున్నారు, ఆయన చేతులతో సైగలు చేస్తున్నాడు. తరువాత ఎలీసబెతు గర్భవతి అయింది. బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజున చుట్టాలూ ఇరుగుపొరుగువారూ చేరి, తండ్రి పేరే పెట్టాలని పట్టుబట్టారు. తల్లి కాదంది, యోహాను అనాలంది. ఆడమనిషి మాట సరిపోదని తండ్రిని సైగలతో అడిగారు. (సైగలతో ఎందుకు అడిగారు? మూగవాడితో మాట్లాడవచ్చు గదా. చెవులు కూడా వినిపించేవి కావేమో. నాటకం వేసేవాళ్లు ఇలాంటివి గమనించాలి.) అప్పుడు ఆయన పలక తెమ్మన్నాడు.

చూశారా, పలక! మార్కాపురం మనుషులకు ఈ ఘట్టం వేరేగా వివరించి చెప్పాలా? ఒకప్పుడు మనదేశంలో ఎక్కడెక్కడి బడిపిల్లల ఒళ్లోనో ఉన్న రాతి పలక మన గనుల్లోనుంచి, మన వాళ్ల చేతుల్లోనుంచి పోయిందే. రాయి చీల్చి, అరగదీసి, చెక్క చట్రం బిగించి పంపినవాళ్ల మనుమలు ఇవాళ మన సండేస్కూళ్లలో కూర్చుంటున్నారు. కాగితం పుస్తకాలూ ప్లాస్టిక్ పలకలూ వచ్చాక ఆ గిరాకీ తగ్గింది. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి ఎన్ని ఇళ్లలో ఎంత నష్టం చేసిందో అదీ మీకు తెలుసు. అలాంటి పలకను జెకర్యా చేతికి ఇచ్చి వేదిక మీద నిలబెడితే ముందు వరసలో కూర్చున్న తాతకు అది వేషం సామాను అనిపించదు.

నాటకంగా చూసినా దీనికి సాటి లేదు. ఆట సగం పైన ఒక మనిషి మాట్లాడడు. జనం ఆయన నోరు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తుంటారు. బలపంతో రాస్తున్న చప్పుడు కూడా వినబడాలి, అంత నిశ్శబ్దం ఉండాలి. రాసిన పలక జనం వైపు తిప్పుతాడు. అంతట గొంతు వస్తుంది. ఆ గొంతు స్పీకరులోనుంచి వస్తే ఇంక నాటకమెందుకు? అక్కడ ఆ ముసలి వేషం వేసిన కుర్రవాడి సొంత గొంతే రావాలి, కొంచెం బొంగురుగా ఉన్నా సరే.

ఇక్కడ కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారని నాకు తెలుసు. నాటకాలు లోకసంబంధమైనవనే మాట మన సంఘాల్లో పాతదే. మా తాతగారు బతికి ఉండగా ఊరి నడిబజారులో హరిశ్చంద్ర నాటకం ఆడుతున్నారని విని, కంబళి కప్పుకుని చీకట్లో వెళ్లి, దూరంగా రచ్చబండ అవతల నిలబడి తెల్లవారుజాము దాకా చూశాడట. దూరంగా ఎందుకు నిలబడ్డాడంటే రెండు భయాలు. సంఘ పెద్దలు చూస్తే మందలిస్తారని ఒకటి, ముందుకు వెళ్లి కూర్చుంటే ఊరివాళ్లు లేపుతారని మరొకటి. తెల్లారి ఆయనను సంఘంలో నిలబెట్టి అడిగారు. "కాటి సీను చూశానయ్యా, అది తప్పయితే తప్పే" అన్నాడట.

ఆయనకు అప్పుడు తెలియని సంగతి ఒకటి ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు రాసిన ఆ హరిశ్చంద్ర నాటకంలో, కాటి ఘట్టంలో నటులు పాడే పద్యాల్లో చాలా పేరుపొందినవి గుర్రం జాషువాగారివి. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలను నటులు తమంతట తాము తెచ్చి ఆ ఘట్టంలో కలుపుకున్నారు. జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. మనకు పరాయి ఊరా అది? వినుకొండలో రైలెక్కితే దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం దాటి గిద్దలూరు వస్తుంది. క్రైస్తవ కుటుంబంలో పుట్టి, అంటరానితనం దెబ్బలు తిని పెరిగిన మనిషి. ఆయన క్రీస్తు చరిత్రకు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవలసిందే. నాకు దానికన్నా గొప్పగా తోచేది మరొకటి. ఏ గుడి ముందు పందిట్లో ఆయనను కూర్చోనిచ్చేవారో లేదో, ఆ పందిట్లోనే ఆయన పద్యానికి జనం "వన్స్‌మోర్" అని కేకలు పెట్టారు. హార్మోనియం మళ్లీ ఎత్తుకునేది, నటుడు మళ్లీ పాడేవాడు. మా తాత రచ్చబండ అవతల నిలబడి విన్నది తన వాడి గొంతే. పాపం ఆయనకు ఎవరూ చెప్పలేదు.

నాటకం మాటను గోడ దాటిస్తుంది. మన క్రిస్మసు నాటకం కూడా మందిరం ప్రహరీ లోపలివాళ్లు మాత్రమే చూసేది కాదు. వీధి అవతల అరుగు మీద నిలబడి చూసేవాళ్లు ఉంటారు, ఇప్పుడు వాళ్లు మన తాతల చోట నిలబడి ఉన్నారు. వాళ్లు ఏం వింటారు? దీన్ని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది, చెప్పేస్తాను. కొన్ని నాటికల్లో జనాన్ని నవ్వించడానికి పొరుగువారి పూజనో, వారి పూజారినో వెక్కిరించే పాత్ర ఒకటి పెడుతున్నారు. అది తీసెయ్యండి. ఏడాదంతా మన కష్టానికి వచ్చే మనిషిని పండుగ రాత్రి పిలిచి అవమానించడం ఏ సువార్త?

మాట వచ్చింది గనుక, జర్మనీ దేశంలోని ఒక పల్లె సంగతి చెబుతాను. బవేరియా కొండల్లో ఒబరామర్‌గావ్ అనే ఊరు ఉంది, అయిదు వేల జనాభా. 1633లో ప్లేగు వచ్చి ఊరు తుడిచిపెట్టుకు పోతుంటే, ఈ గండం గడిస్తే ప్రభువు శ్రమల నాటకాన్ని పదేళ్లకొకసారి వేస్తామని మొక్కుకున్నారు. 1634లో మొదటి ఆట వేశారు. ఇవాళ్టికీ వేస్తున్నారు. 2020లో వెయ్యవలసినది కరోనా వల్ల ఆగి 2022లో వేశారు, మళ్లీ 2030లో. పట్నం నుంచి నటులు రారు. ఆ ఊళ్లో పుట్టి ఉండాలి, లేదా ఇరవై ఏళ్లు అక్కడ కాపురం ఉండాలి. సుమారు పద్దెనిమిది వందల మంది ఊరివాళ్లు పాలుపంచుకుంటారు. ఏడాది ముందునుంచే జుట్టూ గడ్డమూ తీయించకుండా పెంచుతారు. దూది గడ్డాలు అతికించుకునే మన శాస్త్రులూ జ్ఞానులూ ఈ సంగతి విని ఊరట చెందకూడదు!

ఆ ఊరిని నేను పొగడడానికే చెప్పడం లేదు. వాళ్ల పాత నాటకంలో యూదులను ద్వేషంతో చూపించే మాటలు చాలా ఉండేవి. 1934లో హిట్లరు స్వయంగా వెళ్లి చూసి మెచ్చుకున్నాడంటే అర్థం చేసుకోండి. యుద్ధం తరువాత కూడా అవి చాలాకాలం అలాగే సాగాయి. 1990 నుంచి నడిపిస్తున్న దర్శకుడి కాలంలో ఆ మాటలను ఒక్కొక్క ఆటకూ సరిదిద్దుతూ వచ్చారు. పెళ్లయిన ఆడవాళ్లు వేషం కట్టకూడదన్న నియమం కూడా కోర్టుదాకా వెళ్లాకే, 1990లో పోయింది. మూడున్నర వందల ఏళ్ల మొక్కుబడి నాటకాన్నే దిద్దుకోగా లేంది, మనం మూడేళ్ల నాడు నోటుబుక్కులో రాసుకున్నది దిద్దుకోలేమా?

ఆడవాళ్ల విషయంలో మన తెలుగువారు అంత ఆలస్యం చెయ్యలేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో కీచకవధ నాటకంతో మొదలైన సురభి కుటుంబాలవారు ఆడ వేషాలు తమ ఇంటి ఆడవాళ్ల చేతనే కట్టించారు. తెలుగు వేదిక మీద మగవాళ్లే చీర కట్టుకుని సీతా సావిత్రీ అవుతున్న రోజులవి. మన సంఘాల్లో కూడా నేను చిన్నవాడినిగా ఉన్నప్పుడు మరియ వేషం మీసం రాని మగపిల్లవాడికే ఇచ్చేవారు. ఆ వేషం నేనూ ఒకసారి వేశాను, పైట జారి నవ్వులపాలయ్యాను. అది వేరే కథ.

సురభివారి దగ్గర మనం నేర్చుకోవలసినది వాళ్ల ఎగిరే లడ్లూ మాయా మెరుపులూ కాదు. తాత, కొడుకు, కోడలు, మనుమరాలు, అందరూ ఒకే ఆటలో ఉంటారు. ఒకరు తెర లాగుతారు, ఒకరు హార్మోనియం వాయిస్తారు, నడవనేర్చిన బిడ్డ కృష్ణుడవుతుంది. ఎవరి మాట ఎవరైనా అందుకోగలరు. ఆ బిడ్డకు మాటలు నేర్పినది ఉయ్యాల దగ్గర రోజూ విన్న ఇల్లే. వాళ్లలో పెద్దవారైన నాగేశ్వరరావుగారు, బాబ్జీ అని పిలిచేవారు, 2013లో పద్మశ్రీ అందుకున్నారు, 2022లో చనిపోయారు. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న ఆ సమాజాలు ఇప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి.

మన సంఘంలోనూ ఇళ్లే గదా ఉన్నవి. అందుకని యూత్‌వాళ్లకు మాత్రమే అప్పగించి కూర్చోకండి. జెకర్యాకు నిజంగా ముసలివాణ్ణే అడగండి. ఎలీసబెతుకు స్త్రీల సమాజంలో ఒకరిని అడగండి. పేరు పెట్టడానికి వచ్చి గొడవపడే చుట్టాల వేషాలు మన వాళ్లకు నేర్పనక్కర లేదు, ప్రతి నామకరణంలో చూస్తున్నదే. మాటలు మన మాటల్లోనే రాయండి. 1970 దాకా మన మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉన్నవే. మన నోట సీమ పలుకు సగం ఉంది, కోస్తా పలుకు సగం ఉంది. దానికి సిగ్గెందుకు? దూత మాత్రం కాస్త గ్రంథభాషలో మాట్లాడితే బాగుంటుంది. పరలోకం నుంచి వచ్చినవాడు గదా, తేడా తెలియాలి.

అసలు కష్టం వేరే ఉంది. మనుషులు ఊళ్లో ఉండరు. యోసేపు వేషం వేసేవాడు బేల్దారి పనికి హైదరాబాదులో ఉంటాడు, జ్ఞానుల్లో ఇద్దరు బెంగుళూరులో. డిసెంబరు ఇరవైమూడుకు బస్సు దిగుతారు, ఇరవైనాలుగు రాత్రి ఆట. మిరపకోతలకు గుంటూరు వైపు పోయే ఇళ్లయితే పిల్లలను కూడా తీసుకుపోతారు. ట్రాకు వచ్చింది బద్ధకం వల్లనే అని నేను అనలేను, దీనివల్ల కూడా వచ్చింది. దీనికి నాకు తోచిన ఉపాయం ఒకటే. ఊళ్లో నిలిచి ఉండేవాళ్లకు, అంటే బడిపిల్లలకూ ముసలివాళ్లకూ, పెద్ద వేషాలు ఇవ్వండి. వలస వెళ్లినవాళ్లకు నాలుగేసి మాటల వేషాలు ఇచ్చి, వాటిని కాగితం మీద రాసి ఇప్పుడే పంపండి. పరంజీ మీద నిలబడి కంఠస్థం చేసుకుంటారు. ఇంటికి వచ్చాక వేదిక మీద నిలబడడానికి తనకూ ఒక చోటు ఉందని తెలిస్తే, ఆ మనిషి బస్సు టిక్కెట్టు ముందుగానే కొంటాడు.

క్రిస్మసుతో ఆపవద్దని కూడా నా కోరిక. పంట పండుగకు రూతు కథ వెయ్యండి. దాన్ని మనం అత్తాకోడళ్ల కథగా చెప్పి వదిలేస్తాం గాని, అది వలస కథ. బేత్లెహేము అంటే రొట్టె ఇల్లు అని అర్థం. రొట్టె ఇంట్లోనే కరువు వచ్చింది, నయోమి కుటుంబం మూటలు కట్టుకుని మోయాబుకు పోయింది. వెళ్లినప్పుడు నలుగురు, తిరిగి వచ్చినప్పుడు ఆమె ఒక్కతే, వెంట పరాయి దేశపు కోడలు. ఊరి ఆడవాళ్లు ఆమెను చూసి గుర్తుపట్టలేకపోయిన ఘట్టం మన ఊళ్లలో చదువురాని అమ్మ కూడా ఏ రిహార్సలూ లేకుండా ఆడగలదు.

ఇక ఈస్టరు తరువాత, ఎండాకాలం సెలవుల్లో, ఎవరైనా పూనుకుంటే, మన పెద్దల కథే ఉంది. 1876 నుంచి 1878 వరకు ధాత కరువు. ఒంగోలు క్లౌ దొరగారు జనానికి కూలి దొరకాలని బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకున్నారు. పనీ గంజీ దొరుకుతాయని బాప్తిస్మానికి వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. జనం అడుగుతున్నారు, ఆయన ఆగమంటున్నాడు. ఇంతకన్నా నాటకం ఏం కావాలి? చివరికి 1878 జులై 3న వెలుంపిల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. నల్లమలలో పుట్టి మన కంభం చెరువును నింపి పోయే ఆ గుండ్లకమ్మే. ఆ పంక్తిలో నిలబడినవారి మునిమనుమలు ఈ పత్రిక చదువుతున్నారు. ఇంట్లో ముసలివాళ్లను అడిగి రాసుకోండి, వాళ్లు ఉండగానే.

రిహార్సల్సుకు నా లెక్క ఇది. వారానికి మూడు రాత్రులు, అన్నాలయ్యాక గంటసేపు, ఆరు వారాలు. మొదటి రెండు వారాలు నిలబడవద్దు, కూర్చుని చదవండి. తెర వెనక మాట అందించడానికి ఒకరిని తప్పకుండా పెట్టండి, దానికి ఓపిక ఉన్న ఆడపిల్లను మించినవారు లేరు. మైకులు రెండే ఉంటే రెండూ పైనుంచి వేలాడదీసి, చేతికి ఇవ్వకండి. చేతికి ఇచ్చారా, హేరోదు దాన్ని వదలడు. చివరి రెండు రిహార్సల్సు మైకు లేకుండా, కరెంటు తీసేసి చెయ్యండి.

గిద్దలూరు దగ్గరి ఆ సంఘంవారికి ఈ మాటలన్నీ ముందే చెప్పాను. పోయిన నెల వాళ్లు ఫోను చేశారు. ఆనాడు ఏడ్చిన పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతోంది. వేషం వెయ్యను గాని మాటలు రాసిపెడతానంటోందట. ఆ గొర్రెలవాడు ఈసారి కూడా కాపరే కావాలంటున్నాడట, జ్ఞాని వేషం ఇస్తామన్నా వద్దన్నాడట.

పలక మాట మరిచాను. నా దగ్గర పాత రాతి పలక ఒకటి ఉంది, చెక్క చట్రంతో సహా. ఒక మూల బీటిచ్చింది గాని రాత బాగా పడుతుంది. జెకర్యా నాటకం వేస్తామని మొదట ఉత్తరం రాసిన సంఘానికి పంపుతాను. బలపం మీరే తెచ్చుకోవాలి.